అయిదు భాషల శాసనసభ

హైదరాబాదు నగరమున పబ్లిక్ గార్డెన్సు, అనగా ఒకప్పటి బాగె ఆం, అను ఉద్యానవనములో 1913లో పూర్తియైన టౌన్ హాలు భవన మొకటి కలదు. తెల్లని గుమ్మటములతో నొప్పు ఆ భవనమును చూడని తెలంగాణ వాసి అరుదు. 1952 మార్చి నెలలో 175 మంది శాసనసభ్యులు అచట కూడిరి. వయోజనులందరికి వోటుహక్కు లభించిన పిమ్మట హైదరాబాదు రాష్ట్ర ప్రజలు ఎన్నుకొన్న మొదటి శాసనసభ అది. కడపటి శాసనసభయు అదియే. 1956 నవంబరు 1వ తేదీన ఆ రాష్ట్రమే మూడు భాగములై, మూడు రాష్ట్రములలో కలిసిపోయెను. అయిదేండ్లయినను నిండని ఆ ఒక్క పదవీకాలములో ఆ సభ ఎట్లు కూడినది, దానిని నడిపిన వారెవరు, ఉత్తర తెలంగాణమునందలి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలకు అందు లభించిన స్థానమేమి అను విషయములను శ్రోతలకు మనవి చేయదలచితిమి.

పలు భాషల వారు, పలు జాతుల వారు ఒకే సభలో కూర్చుండి రాజ్యాంగ వ్యవహారము నడుపుట సులభమైన పని కాదు. ఐరోపా ఖండమున ఆస్ట్రియా సామ్రాజ్యమునకు వియన్నా నగరములో ఒక ప్రతినిధి సభ ఉండెడిది. 1907లో పురుషులందరికి వోటు నిచ్చి జరిపిన ఎన్నికలలో 516 మంది దానికి ఎన్నికైరి. జర్మనులు, చెక్కులు, పోలులు, రుథేనియనులు, స్లొవీనులు, ఇటాలియనులు, మరికొందరు అందుండిరి. ఎవరి భాషలో వారు మాట్లాడవచ్చును. కాని దుబాసీలు లేరు. లేఖకులు జర్మను ప్రసంగములను మాత్రమే వ్రాసికొనెడివారు. ఇతరుల మాట గాలిలో కలిసిపోయెడిది. అలిగిన సభ్యులు గంటల తరబడి మాట్లాడి సభను స్తంభింపజేసిరి. 1914లో ఆ సభ మూతపడెను. మాట్లాడుటకు హక్కు ఉన్నంత మాత్రమున చాలదు, ఆ మాటను వినుటకు ఏర్పాటు కూడ ఉండవలెనని ఆ ఉదంతము తెలుపుచున్నది. హైదరాబాదు సభను కూడ ఈ గీటురాతిమీదనే పరీక్షింపవలెనని మా అభిప్రాయము.

ముందుగా ఆ రాష్ట్ర స్వరూపమును గుర్తు చేసికొందము. 1952 నాటికి హైదరాబాదు రాష్ట్రమున 16 జిల్లాలుండెను. తెలుగు జిల్లాలు ఎనిమిది. ఔరంగాబాదు, పర్భణి, నాందేడు, బీడు, ఉస్మానాబాదు అను అయిదు మరాఠీ జిల్లాలు. బీదరు, గుల్బర్గా, రాయచూరు అను మూడు కన్నడ జిల్లాలు. 1951 జనాభా లెక్కల ప్రకారము ప్రజలు ఒక కోటి ఎనుబదియారు లక్షలకు పైబడిరి. వారిలో ఇంచుమించు సగము మంది తెలుగువారు, నాల్గవవంతు మరాఠీవారు. తక్కినవారిలో ఉర్దూ, కన్నడము మాట్లాడువారు ఎక్కువ. ఇవి గాక అడవులలోను, గుట్టలలోను గోండీ, కోలామీ వంటి భాషలు పలికెడి జనము కలరు. ఈ కడపటి మాటను శ్రోతలు మనస్సులో ఉంచుకొనవలెను. మరల దాని యొద్దకే రావలసి యున్నది.

ఇన్ని భాషలున్నను నిజాము ప్రభుత్వమున అధికార భాష ఉర్దూ ఒక్కటే. కచ్చేరీలలోను, న్యాయస్థానములలోను, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయములోను అదియే రాజ్యమేలెను. తెలుగుకు సభలో పట్టిన గతిని తెలుపు సంఘటన ఒకటి 1921లో జరిగెను. హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలలో కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార సభ జరుగుచుండగా ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగులో ప్రసంగింపబోయిరి. సభికులు గేలి చేసి, చప్పట్లు చరచి ఆయనను కూర్చుండబెట్టిరి. ఇతర భాషలలో సాగిన సభలో తెలుగు మాటకు మాత్రము చోటు లేకపోయెను. ఆ అవమానము నుండి పుట్టినదే ఆంధ్రజన సంఘము. దాని స్థాపకులలో ఒక యువకుడు ఉండెను. ఆయనయే బూర్గుల రామకృష్ణారావుగారు.

ఆ సంఘమునుండి పెరిగిన ఆంధ్రమహాసభ 1930లో జోగిపేటలో మొదటిసారి కూడెను. నాల్గవ మహాసభ 1935లో కరీంనగరు జిల్లా సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన జరిగెను. మరాఠీవారు మహారాష్ట్ర పరిషత్తును, కన్నడిగులు కర్ణాటక పరిషత్తును నెలకొల్పుకొనిరి. ఒక భాషవారి సభకు మరియొక భాషవారు శత్రువులు కారు. మూడింటిలోను పని చేసినవారే పిమ్మట స్టేటు కాంగ్రెసులో ఒకచోట చేరిరి. 1952 నాటి శాసనసభలోని పలువురు నాయకులు ఈ మూడు పరిషత్తుల బడిలో అక్షరాభ్యాసము చేసినవారే.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాము ప్రభుత్వము ముగిసెను. కొంతకాలము జనరల్ చౌదరి సైనిక పాలనయు, 1950 నుండి వెల్లోడిగారి ప్రభుత్వమును సాగిన పిమ్మట సాధారణ ఎన్నికలు వచ్చెను. శాసనసభకు 142 నియోజకవర్గములు ఏర్పడెను. వీటిలో 109 వర్గముల నుండి ఒక్కొక్కరు, 33 వర్గముల నుండి ఇద్దరిద్దరు ఎన్నిక కావలసి యుండెను. కమ్యూనిస్టు పార్టీ మీద హైదరాబాదులో నిషేధ ముండుటచే ఆ పక్షమువారు ప్రజాస్వామ్య ఫ్రంటు, అనగా పి. డి. ఎఫ్. పేరున పోటీ చేసిరి. సాయుధ పోరాటమును 1951 అక్టోబరులో విరమించి కొలది నెలలే అయినది.

ఫలితములు ఇట్లుండెను: కాంగ్రెసు 93, పి. డి. ఎఫ్. 42, సోషలిస్టులు 11, పెజెంట్స్ అండ్ వర్కర్స్ పార్టీ 10, షెడ్యూల్డు కులముల ఫెడరేషను 5, స్వతంత్రులు 14. సగమునకు మించి కాంగ్రెసుకు ఉన్న బలము అయిదారు స్థానములే. మొన్నటి వరకు అడవులలో తుపాకులు పట్టి తిరిగినవారు, చెరసాలలో నున్నవారు ఇప్పుడు ప్రతిపక్షపు బల్లలమీద కూర్చుండిరి. లోక్‌సభకు నల్లగొండ నుండి పి. డి. ఎఫ్. పక్షమున నిలిచిన రావి నారాయణరెడ్డిగారికి నెహ్రూగారికంటె ఎక్కువ వోట్లు వచ్చినవన్న సంగతి లోకవిదితము.

1952 మార్చి 6వ తేదీన బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిరి. షాద్‌నగరు నుండి గెలిచిన ఆయన తెలుగు, ఉర్దూ, పారసీ, సంస్కృతము, మరాఠీ, కన్నడము తెలిసిన బహుభాషావేత్త. పుణె నగరమున ఫెర్గూసను కళాశాలలో చదివినవారు. ముప్పదియొక ఏండ్ల క్రితము తెలుగు ప్రసంగమునకు జరిగిన అవమానమును సహింపజాలక సంఘము స్థాపించిన వారిలో ఒకరు, తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ మాట్లాడువారందరికి ముఖ్యమంత్రి యగుట చరిత్రలోని ఒక చక్కని మలుపు.

మంత్రివర్గమును కూర్చుటలో భాషా ప్రాంతముల తూకము స్పష్టముగ కనబడును. తెలుగు ప్రాంతము నుండి కొండా వెంకటరంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి గారలుండిరి. మరాఠీ ప్రాంతము నుండి హోంశాఖ వహించిన దిగంబరరావు బిందు, ఫూల్‌చంద్ గాంధీ, దేవీసింగ్ చౌహాన్ గారలు. కన్నడ ప్రాంతము నుండి అన్నారావు గణముఖి, జగన్నాథరావు చండ్రికి గారలు వచ్చిరి. నగరపు ఉర్దూ సంస్కృతికి నవాబు మెహదీ నవాజ్ జంగు ప్రతినిధి. డాక్టరు మేల్కోటే, వినాయకరావు విద్యాలంకార్, వి. బి. రాజు, శంకర్‌దేవ్ గారలు కూడ మంత్రులైరి. ఈ మంత్రివర్గము ఒక చిన్న హైదరాబాదు రాష్ట్రమే యని చెప్పవచ్చును.

సభాపతి పీఠమును కాశీనాథరావు వైద్యగారును, ఉపసభాపతి స్థానమును కన్నడ ప్రాంతపు పంపనగౌడగారును అలంకరించిరి. ప్రతిపక్ష నాయకుడు వి. డి. దేశ్‌పాండే. ఆయన మాతృభాష మరాఠీ. ఎన్నికైనది మాత్రము వరంగల్లు ప్రాంతపు ఇప్పగూడెము నుండి. పరభాషవాడని తెలుగు రైతులు ఆయనను తిరస్కరింపలేదు. తమ కౌలును గురించియు, వెట్టిని గురించియు మాట్లాడునా లేదా అన్నదే వారు చూచిరి. స్త్రీలును ఈ సభకు వచ్చిరి. ఆలేరు నుండి ఆరుట్ల కమలాదేవి, బాన్సువాడ నుండి సంగం లక్ష్మీబాయి, పరిగి నుండి షాజహాన్ బేగం, నగరములోని శాలిబండ నుండి మాసూమా బేగం వారిలో కొందరు.

ఇక ఉత్తర తెలంగాణమునకు వత్తము. లోక్‌సభ ఎన్నికలలో కరీంనగరు ద్విసభ్య నియోజకవర్గము. అచట నుండి పి. డి. ఎఫ్. అభ్యర్థి బద్దం ఎల్లారెడ్డిగారును, షెడ్యూల్డు కులముల ఫెడరేషను అభ్యర్థి ఎం. ఆర్. కృష్ణగారును గెలిచిరి. దేశము మొత్తముమీద ఆ ఫెడరేషనుకు మొదటి లోక్‌సభలో దక్కినవి రెండే స్థానములు. వాటిలో ఒకటి కరీంనగరు. ఆదిలాబాదు నుండి సోషలిస్టు పక్షపు సి. మాధవరెడ్డిగారు ఎన్నికైరి. అనగా ఈ రెండు జిల్లాల పేర గల లోక్‌సభ స్థానములలో ఒక్కటియు కాంగ్రెసుకు దక్కలేదు. మూడు స్థానములను మూడు వేరు వేరు ప్రతిపక్షములు గెలుచుకొనెను.

ఇట్లేల జరిగినదో ఊహించుట కష్టము కాదు. కరీంనగరు జిల్లా దొరల గడీలకును, వెట్టిచాకిరికిని పేరుపడిన సీమ. బద్దం ఎల్లారెడ్డిగారితో కలిసి రైతు ఉద్యమమున పనిచేసిన అనభేరి ప్రభాకరరావుగారు 1948 మార్చిలో హుస్నాబాదు వద్ద మహమ్మదాపురపు గుట్టలలో పోరాడి ప్రాణములర్పించిరి. ఆ నెత్తురు తడి ఆరకముందే జనులు వోటువేయ వచ్చిరి. ఆదిలాబాదులో బెల్లంపల్లి బొగ్గుగనులు, కాగజ్‌నగరు కాగితపు మిల్లు ఉండెను. దూరదేశముల నుండి వచ్చిన కూలీలు, అడవిని నమ్ముకొన్న రైతులు కలిసిన ఆ జిల్లాలో సోషలిస్టులు వేరూనిరి.

నాటి కరీంనగరు లోక్‌సభ ఎన్నికలో ఓడిన కాంగ్రెసు అభ్యర్థి పేరు చెప్పిన శ్రోతలు ఆశ్చర్యపడుదురు. ఆయన వంగరకు చెందిన పి. వి. నరసింహారావుగారు. 1957లో మంథని నుండి శాసనసభకు గెలిచి, 1971లో రాష్ట్ర ముఖ్యమంత్రియై, 1991 నుండి 1996 వరకు భారత ప్రధానమంత్రిగా నుండిరి. బహుభాషా పాండిత్యమునకు ఆయన పేరు గడించినదియు ఈ నాలుగు భాషల హైదరాబాదు రాష్ట్రపు నేలమీదనే. ఆదిలాబాదు మాధవరెడ్డిగారి కథయు అట్టిదే. 1952లో గెలిచిన ఆయన, ముప్పదిరెండు ఏండ్ల పిమ్మట 1984లో తెలుగుదేశము పక్షమున మరల అదే ఆదిలాబాదు నుండి లోక్‌సభకు వెళ్లిరి.

శాసనసభలో కరీంనగరుకు పి. డి. ఎఫ్. పక్షపు సి. హెచ్. వెంకటరామారావుగారును, మంథనికి సోషలిస్టు గులుకోట శ్రీరాములుగారును, ఆదిలాబాదుకు పి. డి. ఎఫ్. పక్షపు దాజీ శంకరరావుగారును ప్రతినిధులు. ఆసిఫాబాదు నుండి కాంగ్రెసు పక్షమున కొండా లక్ష్మణ్ బాపూజీగారు గెలిచిరి. ఆయన వాంకిడి గ్రామమున 1915లో జన్మించిన పద్మశాలి. వాంకిడి యన్నది తెలుగు, మరాఠీ, గోండీ, ఉర్దూ ఒకే సంతలో వినబడెడి ఎల్లప్రాంతము. అట్టి ఊరి బిడ్డకు బహుభాషా సభ కొత్త కాదు.

సభలో భాషా వ్యవహారము ఎట్లు నడచినదో ఇప్పుడు చెప్పవలెను. మన రాజ్యాంగమున 210వ అధికరణము ప్రకారము రాష్ట్ర శాసనసభలో రాష్ట్ర అధికార భాషలోగాని, హిందీలోగాని, ఇంగ్లీషులోగాని వ్యవహారము జరుగవలెను. ఆ భాషలలో తన భావమును చక్కగా చెప్పలేని సభ్యుడు సభాపతి అనుమతితో మాతృభాషలో మాట్లాడవచ్చును. ఈ అనుమతియే హైదరాబాదు సభకు ఊపిరి యైనది. ఉర్దూ లేక హిందుస్తానీ, ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ, కన్నడము అను అయిదు భాషలు సభలో వినబడెను. సభా చర్చల సంపుటములలో ఆయా ప్రసంగములు ఆయా లిపులలోనే అచ్చుపడినవి. వియన్నాలో జర్మనేతరులకు దక్కని మర్యాద ఇచట తెలుగు, మరాఠీ, కన్నడములకు దక్కెను.

ఇందొక విచిత్రము కలదు. వేర్వేరు ప్రాంతముల సభ్యులు ఒకరి మాట ఒకరు గ్రహించుటకు ఎక్కువగా తోడ్పడినది ఉర్దూయే. నిన్నటి వరకు ప్రభుత్వము నెత్తిన రుద్దినదని వారు ఏవగించుకొన్న భాషయే, ఆ ప్రభుత్వము పోయిన పిదప అందరి మధ్య వంతెన యైనది. బడిలోను, కచ్చేరీలోను ఉర్దూ నేర్చిన వకీళ్లకు అది సులువు. కాని పొలము దున్ని, జైలుకు వెళ్లి, ఉర్దూ చదువని వారును సభకు వచ్చిరి. వారికి మాతృభాష తప్ప దిక్కు లేదు. కావున సభాపతి ఇచ్చెడి అనుమతి మర్యాదకొరకు ఇచ్చినది కాదు. సామాన్యుని ప్రతినిధికి అదియే నాలుక.

ఈ సభ చేసిన పనులలో పెద్దది భూమికి సంబంధించినది. 1950 నాటి కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారు అను హక్కును కల్పించెను. 1954లో శాసనసభ దానిని సవరించి, కుటుంబ కమతము అను కొలతను ఏర్పరచి, దానికి నాలుగున్నర రెట్ల వరకే భూమి ఉండవచ్చునని పరిమితి విధించెను. రక్షిత కౌలుదారునికి ప్రభుత్వ ప్రకటనమూలమున యాజమాన్యము బదిలీ చేయు 38-ఇ అను విభాగము ఆ సవరణలోనిదే. 1955లో ఇనాముల రద్దు చట్టము వచ్చెను. ఆ చర్చలలో పట్టా, కౌలు, షిక్మీ, ఇనాము, మక్తా అను మాటలు ఏ భాషవారికిని విడమరచి చెప్పనక్కరలేదు. రెవెన్యూ దఫ్తరు నుండి వచ్చి నాలుగు భాషలలోను పాతుకొన్న మాటలవి. అమలులో ఈ చట్టములకు గండ్లు పడెను. ముందే మేలుకొన్న భూస్వాములు కౌలుదారులను వెళ్లగొట్టిరి. అయినను పొలము దున్నువానికి హక్కున్నదని ఒక శాసనసభ వ్రాసి యిచ్చుట ఆ నేలమీద చిన్న విషయము కాదు.

సభ ఎప్పుడును శాంతముగనే సాగినదని మేము చెప్పజాలము. 1952లోనే స్థానికులకు ఉద్యోగములు దక్కుటలేదని ముల్కీ ఉద్యమము రేగెను. సెప్టెంబరులో నగరమున పోలీసులు కాల్పులు జరిపిరి. విద్యార్థులును, ఇతరులును మరణించిరి. జస్టిస్ పి. జగన్మోహనరెడ్డిగారు దానిపై విచారణ జరిపిరి. సభలోపల భాషల మధ్య లేని తగవు, సభ వెలుపల ఉద్యోగముల రూపమున వచ్చెను. భాష ఒకటియైనను మనుగడ ఒకటి కాదని తెలుగువారే తెలుగువారితో చెప్పిన సందర్భమది.

1955 సెప్టెంబరు 30వ తేదీన ఫజల్ అలీ అధ్యక్షతగల రాష్ట్రముల పునర్విభజన సంఘము తన నివేదికను సమర్పించెను. హైదరాబాదు రాష్ట్రమును భాషలవారిగ విభజింపవలెననియు, తెలుగు ప్రాంతము ప్రస్తుతము హైదరాబాదు పేరుననే ప్రత్యేక రాష్ట్రముగ నుండి, 1961 ప్రాంతపు ఎన్నికల పిమ్మట దాని శాసనసభ మూడింట రెండువంతుల ఆధిక్యముతో అంగీకరించినచో ఆంధ్రలో కలియవచ్చుననియు సంఘము సూచించెను. ఆ ఏడు నవంబరు, డిసెంబరు మాసములలో శాసనసభ ఈ విషయమును చర్చించెను. అప్పటి లెక్క ప్రకారము 147 మంది సభ్యులు తమ అభిప్రాయము తెలిపిరి; విశాలాంధ్రకు అనుకూలురు 103, ప్రత్యేక తెలంగాణమును కోరినవారు 29, తటస్థులు 15. అనుకూలురలో మరాఠీ, కన్నడ సభ్యులును ఉండిరి. కాని తీర్మానముపై వోటు తీయలేదు. తమ ఇంటిని తామే పంచుకొనెడి అన్నదమ్ముల సభ యది. ఎవరి వాటా యెంతో చెప్పుటలో పొరుగు వాటాదారునికిని మాట ఉండెను.

1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందము కుదిరెను. నవంబరు 1న ఆంధ్రప్రదేశము అవతరించెను. మరాఠీ సభ్యులు బొంబాయి శాసనసభకును, కన్నడ సభ్యులు మైసూరు శాసనసభకును, తెలుగు సభ్యులు ఆంధ్రప్రదేశ్ శాసనసభకును తరలిపోయిరి. బూర్గులవారు కేరళ గవర్నరుగా వెళ్లిరి.

ఆ విభజన రేఖ ఆదిలాబాదు మీదుగ పోయినది. పునర్విభజన చట్టము ఆ జిల్లా నుండి కిన్వట్, రాజూరా తాలూకాలను, బోథ్ తాలూకాలోని ఇస్లాపూరు సర్కిలును తీసి బొంబాయి రాష్ట్రమునకిచ్చెను. నాందేడు జిల్లా నుండి ముధోల్, భైంసా, కుభీరు సర్కిళ్లను తెచ్చి ఆదిలాబాదులో కలిపెను. జ్ఞానసరస్వతి వెలసిన బాసర అట్లు మన ఆదిలాబాదుకు వచ్చినది. మరాఠీవారు మరాఠీ రాష్ట్రమునకు, తెలుగువారు తెలుగు రాష్ట్రమునకు అను న్యాయము వినుటకు సొంపుగనే ఉన్నది. కాని ఆ గీతకు ఇరుప్రక్కల ఉన్నది ఎవరు? గోండులు, కోలాములు. వారి బంధుత్వములు, దేవర పూజలు, పెండ్లి సంబంధములు గీతను ఎరుగవు. వారి గోండీ తెలుగు కాదు, మరాఠీ కాదు. గీత గీయువారు ఎంచిన భాషలలో అది లేనేలేదు. గుట్టలమీది పరందోళి, ముకదంగూడ వంటి కొన్ని గ్రామములు తమదంటే తమదని రెండు రాష్ట్రములు వాదించుకొనగా ఎన్నో ఏండ్లు రెండు వోటరు జాబితాలలో పేర్లతో మనుగడ సాగించినవి.

అయిదు భాషలు వినిపించిన సభయని ఇంతసేపు మెచ్చుకొంటిమి. ఆ అయిదింటిలో గోండీ లేదు. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీం ప్రాణమిచ్చినది భూమికొరకును, అడవికొరకును. ఆ పిమ్మటనే నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్ర పండితుని పంపి వారి కష్టములను తెలిసికొనెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము వెలసెను. నాగరి లిపిలో గోండీ వాచకములు తయారయ్యెను. కేస్లాపూరు నాగోబా జాతరలో అధికారులు వచ్చి గిరిజనుల అర్జీలు వినెడి దర్బారు కూడ ఆ దశకములోనిదే. రాచరికపు కడపటి దినములలో గోండు తన గోడు చెప్పుకొనుటకు ఒక దర్బారు దొరికినది. ప్రజాస్వామ్యపు మొదటి సభలో అతని భాషకు చోటు దొరకలేదు. ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు.

దాని ఫలము పిమ్మట తెలిసినది. గిరిజనుల భూమిని కాపాడుటకు 1949లో వచ్చిన నిబంధనలుండినను, 1963లో ఆంధ్ర ప్రాంతపు 1959 నాటి నిబంధనలను తెలంగాణమునకు విస్తరించినను, 1970లో మరింత బిగించినను, భూములు చేతులు మారుచునే ఉండెను. 1981 ఏప్రిల్ 20వ తేదీన ఇంద్రవెల్లిలో తమ భూముల గోడు చెప్పుకొనుటకు కూడిన గోండులపై తుపాకులు ప్రేలెను. వినవలసిన చోట విననిచో మాట వీథికెక్కును, వీథిలో తుపాకి బదులు చెప్పును. ఇంద్రవెల్లి నేర్పిన పాఠము ఇదియే.

అట్లని 1952 నాటి సభను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. నాలుగేండ్ల క్రితము వరకు ఒక్క భాష, ఒక్క వంశము ఏలిన రాష్ట్రమున అన్ని పక్షములవారు, అన్ని ప్రాంతములవారు ఒక కప్పు క్రింద కూర్చుండి, తగవులాడి, చట్టములు చేసి, తుదకు తుపాకి లేకుండ తమ రాష్ట్రమును తామే పంచుకొని విడిపోయిరి. దేశములు విడిపోవునపుడు లోకమున ఎంత నెత్తురు పారునో ఎరిగినవారికి దీని విలువ తెలియును. ఉమ్మడి ఇల్లు విడిపోయినను సభామర్యాద చెడలేదు.

నేడు ఐరోపా పార్లమెంటున 24 అధికార భాషలు కలవు. దుబాసీలు ప్రతి మాటను ప్రతి సభ్యుని చెవికి చేర్చుచున్నారు. యంత్రములు కూడ అనువాదము చేయు కాలము వచ్చినది. భాషలు ఎక్కువైన సభ నడువదను సాకు ఇక చెల్లదు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడెను. 2016లో పాత కరీంనగరు నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలును, పాత ఆదిలాబాదు నుండి నిర్మలు, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాదు జిల్లాలును వేరుపడెను. జోడేఘాట్ వీరుని పేరు ఒక జిల్లాకు పెట్టుకొన్నాము. పేరు పెట్టుట మంచిదే. ఆ వీరుని భాషలో ఒక సభ్యుడు లేచి తన గుట్టల గోడు చెప్పునపుడు, సభ నవ్వక, వేచి, గ్రహించి, బదులు చెప్పవలెను. 1921లో తెలుగు మాటకు చోటు లేకపోయిన సంగతి ఎరిగిన తెలుగువారికి ఈ బాధ్యతను వేరుగ బోధింపనక్కరలేదు.